పాత కారు... కొత్త పేరు!

కర్నూలు, కడప ఊళ్లలో చాలా మధ్యతరగతి ఇళ్లకు తొలి కారు పాత కారే. బోనెట్ ఎత్తి, వంగి, పడుకుని మరీ చూసేవాళ్లు కూడా ఆర్సీలో పేరు దగ్గరికొచ్చేసరికి ‘తర్వాత చూద్దాంలే’ అనేస్తారు. చిక్కంతా అక్కడే!

స్కూటరు మీద నలుగురు. ముందు నిలబడ్డ పిల్లాడు, వెనక అమ్మ, అమ్మ ఒళ్లో చంటిది. పిల్లాడికి పదేళ్లొచ్చేసరికి ఆ స్కూటరు చాలదు. అప్పటికి ఇంట్లో పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులు మొదలై ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. ఆ ఎండలో కర్నూలు నుంచి మహానందికో, కడప నుంచి ఒంటిమిట్టకో బస్సెక్కి దిగి, మళ్లీ ఆటో ఎక్కి వెళ్లిరావడమంటే దేవుడి దర్శనం కంటే ప్రయాణమే పెద్ద మొక్కుబడి. అర్ధరాత్రి నాయనకు ఆయాసం వస్తే పక్కింటివాళ్ల తలుపు తట్టాలి. అలాంటి రాత్రి ఒకటి గడిచి తెల్లారాక ఇంట్లో మాట మొదలవుతుంది... ‘ఓ చిన్న కారు తీసుకుంటే?’

కొత్తది తీసుకోవాలంటే కారు ధర ఒక్కటే కాదు. జీవితకాల పన్ను, బీమా, రిజిస్ట్రేషను కలిపి చెప్పేసరికి గుండె గుభేలుమంటుంది. దాంతో మాట సెకండ్ హ్యాండు మీదికి మళ్లుతుంది. నంద్యాల వైపు శనగలు, కర్నూలు వైపు పత్తి, ఉల్లి, కడప వైపు పసుపు, అరటి... చేతికి పంట డబ్బులొచ్చిన కాలంలో బేరాలు జోరుగా సాగుతాయి. దసరా, ఉగాదులకు మరీనూ. ఆషాఢంలో మాత్రం ఎవరూ బండి ఇంటికి తెచ్చుకోరు. ఆ పట్టింపు లేనివాళ్లకు మాత్రం ధర తగ్గించి అడగడానికి అంతకు మించిన ముహూర్తం లేదు!

మారుతీ మిగిల్చిన దారి

చిన్న కారు మధ్యతరగతి కలలోకి వచ్చింది 1983లో. ఆ ఏడాది డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతీ 800 తాళాలను దాని యజమానికి అందించారు. 796 సీసీ, మూడు సిలిండర్ల బుల్లి ఇంజిను. అప్పటిదాకా అంబాసిడరూ, ప్రీమియర్ పద్మినీ తిరిగిన రోడ్ల మీద అది బొమ్మలా కనిపించేది. తర్వాత 1993లో జెన్, 1998లో శాంత్రో, మాటిజ్, ఇండికా, 1999లో వ్యాగనార్, 2000లో ఆల్టో వచ్చాయి. పాత కార్ల బజారు ఇంత పెరిగిందంటే ఈ వరసే కారణం. పైమెట్టు ఎక్కినవాళ్లు వదిలేసిన కారు కిందిమెట్టు వాళ్ల ఇంటిముందు నిలబడింది.

ఇందులో చిన్న ఊళ్లకు సంబంధించిన విశేషం ఒకటుంది. 2010 ఏప్రిల్లో దేశంలోని 13 నగరాల్లో భారత్ స్టేజ్-4 కాలుష్య నిబంధనలు వచ్చాయి. అందులో హైదరాబాద్ ఉంది. మారుతీ 800ని ఆ నిబంధనకు తగ్గట్టు మార్చలేదు కాబట్టి అక్కడ కొత్త బండి అమ్మకం ఆగిపోయింది. నిబంధన వర్తించని కర్నూలు, కడపల్లాంటి ఊళ్లకు మాత్రం ఇంకా కొన్నేళ్లు దారి తెరిచే ఉంది. 2014 జనవరి 18న ఆఖరి మారుతీ 800 తయారైంది. అందుకే నగరాల్లో అరుదైపోయిన చివరికాలపు ‘ఎనిమిది వందలు’ ఇలాంటి చోట్ల ఇంకా బేరానికి వస్తుంటాయి. ఏ మెకానిక్ షెడ్డులోనైనా కళ్లు మూసుకుని విప్పేస్తారు. అది ఈ కారుకున్న గొప్ప ఆస్తి.

ఆ ఆస్తి అన్ని కార్లకూ ఉండదు. షెవర్లే 2017 చివరికి మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డు ఇక్కడ కార్ల తయారీ నుంచి తప్పుకుంటున్నట్లు 2021 సెప్టెంబరులో చెప్పింది. డాట్సన్ 2022లో మూతపడింది. ఈ కంపెనీల కార్లు చెడ్డవని కాదు. అదే వయసున్న ఆల్టో కంటే నిగనిగలాడుతూ, తక్కువ ధరకే కనిపిస్తాయి కూడా. ప్రొద్దుటూరులోనో ఆదోనిలోనో ఓ సామాను పాడైతే అది దొరకడానికి ఎన్నాళ్లు పడుతుందో ముందే ఓ షెడ్డులో అడిగి తెలుసుకోవడం నయం. ఇంటికి ఒకే కారు ఉన్నప్పుడు అది నెలరోజులు షెడ్డులో పడుకుంటే మళ్లీ స్కూటరే గతి.

నంబరు చెప్పే జాతకం

కర్నూలు వాళ్లకు ఏపీ 21, కడప వాళ్లకు ఏపీ 04... ఈ నంబర్లు ఇంటిపేర్లలాంటివి. నంబరు చూసి బండి ఎక్కడిదో చెప్పేసేవారు. ఏపీ 09 కనిపిస్తే ‘హైదరాబాదు ట్రాఫిక్కులో క్లచ్ తొక్కి తొక్కి అరిగిన బండి’ అని పెదవి విరిచేవారు. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ ఏపీ 39 వచ్చాక ఆ వీలు పోయింది. ఆ తర్వాతి కార్లకు ఊరు తెలియాలంటే ఆర్సీ చూడాల్సిందే.

బ్రోకర్ల దగ్గర కొన్ని మాటలు అరిగిపోయిన రికార్డులే. ‘డాక్టరు సారు బండి అన్నా. ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి. అంతే!’ ఇన్ని కార్లు నడపడానికి రెండు జిల్లాల్లో అంతమంది డాక్టర్లున్నారా అన్నది వేరే సంగతి. ‘చానా తక్కువ తిరిగింది’ అన్నది ఇంకో మాట. డిజిటల్ మీటరు అయినంత మాత్రాన దాన్ని నమ్మక్కర్లేదు. తిరిగిన కిలోమీటర్లను వెనక్కి తిప్పడం వచ్చినవాళ్లున్నారు. అయితే మీటరును తిప్పగలరేమో గానీ కారు మొత్తాన్ని తిప్పలేరు. బ్రేకు, క్లచ్ పెడళ్ల మీది రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగు మీది గరుకుపోయి మెరుస్తూ, డ్రైవరు సీటు ఒకవైపు కుంగి ఉంటే... మీటరులో ఇరవై వేలు చూపించినా అది ఇరవై వేలు తిరిగిన బండి కాదు. పాత కారులో పెడల్ రబ్బర్లు మాత్రం సరికొత్తవి కనిపించినా ఎందుకు మార్చారని అడగాలి. కంపెనీ సర్వీసు సెంటర్లో చేయించిన బండైతే నంబరును బట్టి పాత సర్వీసు వివరాలు బయటికొస్తాయి. అమ్మేవారిని వెంటబెట్టుకుని వెళ్లి చూడటం మంచిది. ‘ఎందుకన్నా అదంతా’ అని ఆయన నసిగితే ఆ నసుగుడు కూడా ఓ వివరమే!

కొన్ని బండ్లు గతంలో ట్యాక్సీలుగా తిరిగి, పసుపు ప్లేటు తీసేసి తెల్ల ప్లేటు వేసుకున్నవి. అది చట్టవిరుద్ధం కాదు. ఆ సంగతి చెప్పకుండా సొంత బండి ధర అడగడమే అన్యాయం.

ఉప్పుగాలి చేయని పని ఎండ చేస్తుంది

సముద్రపు గాలి తగిలే నెల్లూరు, విశాఖ వైపు కార్లకు తలుపుల కింది అంచులు తొందరగా తుప్పు పడతాయి. కర్నూలు, కడపల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆ బెడద తక్కువ. ‘సీమ బండి బాడీ గట్టిది’ అనే మాటలో నిజం లేకపోలేదు. కాకపోతే ఇక్కడి కార్ల జబ్బులు వేరు.

ఎండ ముందుగా పట్టుకునేది రబ్బరును. తక్కువ తిరిగిన కారు టైరు మీద గాళ్లు నిండుగా ఉంటాయి. చూసి మురిసిపోతాం. పక్కభాగం మీద గోరుతో నొక్కి చూస్తే సన్నటి బీటలు కనిపిస్తాయి. టైరు వయసు దాని మీదే రాసి ఉంటుంది. పక్కభాగంలో ఓ గడిలో నాలుగంకెలుంటాయి. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందన్నమాట. బీటలు తీసిన టైర్లతో మే నెల మిట్టమధ్యాహ్నం హైదరాబాద్-బెంగళూరు హైవే మీద, వెనకసీట్లో పిల్లలతో వెళ్లడం... వద్దు. నాలుగు టైర్లూ మార్చాల్సి ఉంటే ఆ ఖర్చు బేరంలోంచి తీసేయాలి. స్టెపినీని మర్చిపోకూడదు. డిక్కీలో చీకట్లో ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ చూడరు.

టైర్ల తర్వాత నీళ్ల గొట్టాలు, బెల్టులు, తలుపుల చుట్టూ ఉండే బీడింగులు. పాత బండ్లలో పెట్రోలు గొట్టాలు కూడా ఇప్పుడు చూడాల్సినవే. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటిని దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయలేదు. గట్టిపడిన, చెమ్మగిల్లిన గొట్టం కనిపిస్తే కొన్న వారంలోపే మార్పించుకోవడం మేలు.

తర్వాతది నీళ్ల సంగతి. ఈ రెండు జిల్లాల్లో చాలాచోట్ల బోరునీళ్లలో లవణాలెక్కువ. నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర పేరుకోవడం ఇక్కడి ఇల్లాళ్లందరికీ తెలిసిందే. దారిలో వేడెక్కిన బండికి ఓ చెంబెడు బోరునీళ్లు పోసేస్తే అదే పొర రేడియేటర్ లోపల పేరుకుంటుంది. గొట్టాలు పూడుకుపోయి బండి మళ్లీ వేడెక్కుతుంది. మళ్లీ ఓ చెంబు! బండి పూర్తిగా చల్లారాక (వేడిమీద తీస్తే మొహం కాలుతుంది) రేడియేటర్ మూత విప్పితే లోపల పచ్చటిదో గులాబీ రంగుదో కూలెంటు కనిపించాలి. ఇటుకపొడి కలిపినట్లు ఎర్రటి నీళ్లు కనిపిస్తే ఆ ఇంజిను చాలా ఎండాకాలాలు కష్టపడిందని అర్థం. పనిలో పనిగా ఇంజినాయిలు పోసే మూత కూడా విప్పి చూడాలి. మూత లోపలివైపు పాలు కలిపిన కాఫీలాంటి నురగ కనిపిస్తే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. హెడ్ గ్యాస్కెట్ పోయిన బండి కావచ్చు.

బేతంచెర్ల, ఎర్రగుంట్ల లాంటి బండల గనుల వైపు, మంగంపేట ముగ్గురాయి గనుల వైపు తిరిగే కార్లకు దుమ్ము ఇంకో శత్రువు. ఎయిర్ ఫిల్టర్ బయటికి తీయడానికి రెండు నిమిషాలు. అది తీసి చూస్తే యజమాని ఎలాంటి మనిషో తెలిసిపోతుంది.

ఇక ఏసీ. పొద్దున ఎనిమిదింటికి ఏ కారులోనైనా చల్లగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి చూడాలి. ‘గ్యాసు ఒక్కటి పట్టిస్తే సరిపోతుందన్నా’ అనే మాట వినిపిస్తుంది. గ్యాసు పెట్రోలులా ఖర్చయిపోయేది కాదు. అది తగ్గిందంటే ఎక్కడో కారిపోతోంది. ఎక్కడన్నదాన్ని బట్టి ఖర్చు వందల్లో ఉండొచ్చు, వేలల్లోనూ ఉండొచ్చు.

కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలకు ప్రత్యేకమైన బండి ఒకటుంది. కువైట్ వెళ్లినవాళ్ల కారు. సెలవులో వచ్చినప్పుడు నెలా రెండు నెలలు తిరిగి, మిగతా కాలమంతా ఇంటిముందు వేపచెట్టు కింద గుడ్డ కప్పుకుని నిద్రపోతుంది. మీటరు నిజంగానే తక్కువ చూపిస్తుంది. అయితే కదలని బండికి వేరే కష్టాలుంటాయి. బ్యాటరీ చచ్చిపోతుంది, బ్రేకులు పట్టేస్తాయి, ఎలుకలు బోనెట్ కింద కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. కదలక చెడిన కారును దారిలో పెట్టడం, తిరిగి అరిగిన కారును దారిలో పెట్టడం కంటే చాలాసార్లు తేలికే. నిలిచిపోయిన కాలాన్ని లెక్కలోకి తీసుకుని ధర మాట్లాడుకుంటే ఇది మంచి బేరమే.

నీళ్లలో నానిన బండి

ఎండ ఊళ్లలో వరద గురించి అడగడమేమిటి అనిపిస్తుంది. 2009 అక్టోబరు 2న కర్నూలు కూడా అలాగే అనుకుంది. తుంగభద్ర, హంద్రీ ఊరి మీద పడ్డాయి. సామాన్లన్నీ వదిలేసి జనం మేడలెక్కారు. వీధుల్లో నిలిపిన కార్లు నీళ్లలోనే ఉండిపోయాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు తెగి రాజంపేట వైపు పల్లెల్ని ముంచింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచెత్తింది. చెన్నై సంగతి 2015లో చూసిందే.

నీటిలో మునిగిన కారును ఆరబెట్టి, కడిగి, సెంటు కొట్టి, వరద అన్న మాటే తట్టని ఊరికి తెస్తే కొనేవాడికి అనుమానం ఎందుకొస్తుంది? కడిగితే పోని గుర్తులు కొన్నుంటాయి. సీటుబెల్టును చివరిదాకా బయటికి లాగాలి. రోజూ వాడే భాగం శుభ్రంగానే ఉంటుంది. లోపల చుట్టుకుని ఉన్న చివరి భాగం మీద బురదచార కనిపిస్తుంది. కాళ్ల కింది మ్యాటుతో పాటు దాని కింద అతికించిన కార్పెట్‌నూ ఓ మూల ఎత్తి చూడాలి. సీటు ముందుకూ వెనక్కూ జరిగే పట్టాల మీద తుప్పు, స్టెపినీ పెట్టే గుంటలో ఇసుక, ఫ్యూజుల పెట్టెలో ఎండిన మట్టి, హెడ్‌లైటు అద్దం లోపల అడ్డంగా గీసినట్లు నీటిచార... రెండు మూడు కనిపించాయంటే ఎంత చౌకగా ఇచ్చినా వెనక్కి తిరగడమే. ఆ కారు ఇంజిను ఈరోజు బాగానే తిరుగుతుంది. వైర్లలోకి, కంప్యూటర్ పెట్టెలోకి చేరిన చెమ్మ ఏడాది తర్వాత, ఏ రాత్రివేళో, ఏ నల్లమల దారిలోనో బయటపడుతుంది.

గువ్వలచెరువు ఎక్కితే తెలుస్తుంది

అమ్మేవారింటికి చెప్పిన టైముకంటే పావుగంట ముందు వెళ్లడంలో తప్పులేదు. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి వేసి చూడాలి. వేడిగా ఉంటే మన కోసం ముందే స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజిను మొదటి సెల్ఫ్‌కే అందుకుందా, పొగ ఏ రంగులో వచ్చింది? నీలిరంగు పొగ అంటే బండి ఆయిల్ తాగుతోంది. నల్లపొగ అంటే పెట్రోలు సరిగ్గా కాలడం లేదు. ఆగకుండా చిక్కటి తెల్లపొగ వస్తుంటే కూలెంటు లోపలికి పోతోందేమో చూపించాలి.

కాలనీలో ఓ చుట్టు తిప్పితే సరిపోదు. కడపలోనైతే రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. నలుగురు కూర్చుని, ఏసీ వేసుకుని ఆ మలుపులు ఎక్కి దిగితే క్లచ్, పికప్, బ్రేకులు, ఇంజిను వేడి... అన్నీ ఒక్క గంటలో నిజం చెప్పేస్తాయి. కర్నూలుకు దగ్గర్లో అంత ఘాట్ లేదు కాబట్టి ఓర్వకల్లు వైపు హైవే మీద కాస్త వేగంగా వెళ్లి చూడాలి. ఎనభై దాటాక స్టీరింగు వణుకుతోందా, చెయ్యి కొంచెం వదులు చేస్తే బండి ఓ పక్కకు లాగుతోందా గమనించాలి. తిరిగొచ్చాక ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా తిప్పి గుండ్రంగా నడిపితే ముందుచక్రాల దగ్గర టక్ టక్‌మని వినిపించకూడదు. అవతల ఎఫ్ఎం రేడియో పెట్టి ‘సౌండు చూడన్నా’ అంటే మర్యాదగా కట్టేయమనాలి.

టింకరింగు పనివాళ్ల చెయ్యి ఇప్పుడు బాగా తిరిగింది. గుద్దుకున్న కారును పెళ్లికొడుకులా తయారుచేస్తారు. తలుపులకూ బోనెట్‌కూ మధ్య సందులు రెండువైపులా ఒకేలా ఉన్నాయా, బోనెట్ బోల్టుల మీద పానా పడిన గీతలున్నాయా, ఒక్క అద్దం మీద మాత్రమే వేరే గుర్తు ఉందా అని పగటి వెలుగులో చూడాలి. దీనికి తెలిసిన మెకానిక్‌కు ఓ పూట కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లడం కంటే చవకైన బీమా లేదు. బ్రోకరు తెచ్చిన మెకానిక్ పనికిరాడు. ఆయన బ్రోకరు మనిషే.

ధర ఎలా తేలుతుంది?

‘ఎంతకిస్తావప్పా’ అని అడిగే ముందు బీమా పాలసీ కాగితం అడగాలి. అందులో ఐడీవీ అని ఓ అంకె ఉంటుంది. ఆ కారు విలువను బీమా కంపెనీ ఎంతగా లెక్కేసిందో అది చెబుతుంది. ఏడాది నిండిన కారుకు 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం... అలా విలువ తగ్గిస్తూ పోతారు. ఐదేళ్లు దాటాక ఇరుపక్షాలు ఒప్పుకున్న అంకె. బజారు ధర అంతే ఉండాలని లేదు గానీ బేరం మొదలుపెట్టడానికి అదో గట్టు.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్త కారు ధర దిగితే పాత కారు ధర పాత చోటే నిలబడటం న్యాయం కాదు. ‘పోయినేడు మా బావమరిది ఇంతకు కొన్నాడు’ అనే లెక్క ఇప్పుడు చెల్లదు. మూడు నాలుగేళ్ల కారు కొనేవాళ్లు కొత్తదాని ధర కూడా ఓసారి కనుక్కోవాలి. పాత కారుకు బ్యాంకులు వేసే వడ్డీ కొత్తదానికంటే ఎక్కువ కాబట్టి నెలవాయిదా దగ్గరికొచ్చేసరికి తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. ఇంకోమాట. చేతిలో ఉన్నదంతా కారుకే పెట్టేయకూడదు. రెండున్నర లక్షల్లో బండి తీసుకునేవారు టైర్లకు, బ్యాటరీకి, సర్వీసుకు, పేరు మార్పిడికి, బీమాకు ఇంకో ముప్ఫై నలభై వేలు పక్కన పెట్టుకుంటే ఇంట్లో గొడవలుండవు.

కారు ఎవరిది? ఆర్సీలో ఉన్నవాళ్లది

డబ్బు ఇచ్చేశారు. తాళాలు తీసుకున్నారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించారు. ఇప్పుడా కారు ఎవరిది?

చట్టం దృష్టిలో ఇంకా పాత యజమానిదే! మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేరుమీద రిజిస్టరై ఉంటే వారే యజమాని. ఈ విషయంలో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పు కారు అమ్మే ప్రతి ఇంట్లో తెలియాల్సింది. ఓ పెద్దమనిషి తన కారు అమ్మేశాడు. కొన్నవాడు ఇంకొకరికి, ఆయన మరొకరికి అమ్మారు. ఆర్సీలో పేరు మాత్రం ఎవరూ మార్చుకోలేదు. 2009లో ఆ కారు కింద పడి ఒకరు చనిపోయారు, మరొకరు గాయపడ్డారు. అప్పటికి మొదటి యజమాని కారు అమ్మి దాదాపు రెండేళ్లయింది. పరిహారం ఎవరు కట్టాలి? ఆఖర్న కొన్నవారు కట్టాలంది హైకోర్టు. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, ఆర్సీలో పేరున్న మొదటి యజమానే బాధ్యుడని తేల్చింది. ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లు కారు ఎన్ని చేతులు మారిందో వెతుక్కుంటూ తిరగాల్సిన పనిలేదన్నది కోర్టు ఆలోచన. న్యాయమే. పాపం, అమ్మేసిన కారు పరిహారం నెత్తిన పడిన ఆయన సంగతే చూడండి.

కాబట్టి ఫారం 29, ఫారం 30 సంతకాలు చేసిచ్చి ‘మీరు ఎప్పుడైనా మార్చుకోండి’ అనేయడం మర్యాద కాదు, ప్రమాదం. రాష్ట్రంలోనే అమ్మినప్పుడు అమ్మిన సంగతిని పాత యజమాని 14 రోజుల్లో రవాణాశాఖకు తెలపాలి. కొన్నవారు 30 రోజుల్లో దరఖాస్తు చేసుకోవాలి. ఈ గడువుల్ని గట్టిగా పట్టించుకునే అలవాటు మన దగ్గర తక్కువ. తేదీ లేకుండా, కొన్నవారి పేరు రాయకుండా సంతకాలు చేసిన ఫారాలు బ్రోకర్ల సొరుగుల్లో ఉండిపోతాయి. బండి ముగ్గురి చేతులు మారినా ఆర్సీలో పాత పేరే ఉంటుంది. చలాన్లు పాత యజమాని ఫోనుకు వస్తుంటాయి.

పాత వాహనాలు కొని అమ్మే డీలర్ల కోసం 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. రవాణాశాఖ అనుమతి పత్రం ఉన్న డీలరుకు బండి అప్పగించి, ఆ విషయం పోర్టల్లో తెలిపితే అమ్ముడుపోయేదాకా దాని బాధ్యత డీలరుదే. డీలరును ఆ అనుమతి పత్రం చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

బీమాలోనూ ఇలాంటి చిక్కే ఉంది. కారు చేతులు మారాక థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి వచ్చినట్లేనని చట్టం అంటుంది. అంటే దారిన పోయేవారికి దెబ్బ తగిలితే పరిహారం అందుతుంది. కారుకు దెబ్బ తగిలితే మాత్రం పాలసీ మన పేరుకు మారి ఉండాల్సిందే. దానికి 14 రోజుల్లో బీమా కంపెనీకి దరఖాస్తు చేయాలి. క్లెయిము చేయనందుకు వచ్చే నో క్లెయిమ్ బోనస్ కారుది కాదు, మనిషిది. పాత యజమాని దాన్ని తన కొత్త కారుకు తీసుకెళ్లిపోతారు. ‘యాభై శాతం బోనస్ ఉందన్నా, బీమా చవక’ అని చెబితే ఆ చవక మనకు రాదన్నమాట.

ఆర్సీలో ఇంకో మూడు చోట్ల వేలు పెట్టి చూడాలి. ఒకటి, ఫైనాన్సు. బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరిందన్న మాట చాలదు. బ్యాంకు ఇచ్చిన ఎన్ఓసీ, ఫారం 35 చేతికి రావాలి. రెండు, గడువు. సొంత కారుకు రిజిస్ట్రేషను 15 ఏళ్లు. ఆపైన ఐదేళ్లకోసారి బండిని చూపించి పునరుద్ధరించుకోవాలి. కారుకు ఈ ఫీజు 2022 ఏప్రిల్లో 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. దానిమీద హరితపన్ను వేరే. పద్నాలుగో ఏట ఉన్న కారు చౌకగా వస్తోందంటే ఈ ఖర్చు ఎదురుచూస్తోందని గుర్తుంచుకోవాలి. మూడు, చాసిస్ నంబరు. ఆర్సీలో ఉన్న అంకెలూ, బండి మీద చెక్కిన అంకెలూ ఒకటేనా అని టార్చి వేసి చూడాలి. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. చెక్కినచోట వెల్డింగు మచ్చ ఉంటే అక్కడితో మాట ఆపేయాలి.

కర్నూలు వాళ్లకు ఓ అదనపు తలనొప్పి. తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. ఇటు బళ్లారి పోతే కర్ణాటక. హైదరాబాదులో ఎంపిక ఎక్కువ, ధరా తక్కువగా కనిపిస్తుంది. 2014 జూన్ 2కు ముందు అది మన రాష్ట్రమే. ఇప్పుడు అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం తేవాలి. బండి ఇక్కడే ఉండిపోయేదైతే ఏడాదిలోపు ఇక్కడి నంబరు తీసుకోవాలి, దాని వయసును బట్టి ఇక్కడి జీవితకాల పన్ను కట్టాలి. తక్కువ ధరలోని తేడా అంతా ఈ పన్నులోనే కలిసిపోవచ్చు. ఢిల్లీ నుంచి వచ్చే బండ్లదీ ఇదే కథ. పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద అక్కడ ఆంక్షలు వచ్చాక చాలా కార్లు చౌకగా బయటి రాష్ట్రాల దారి పట్టాయి. రెండు వేల కిలోమీటర్ల అవతలి యజమాని సంతకం ఏదైనా తేడా వస్తే మళ్లీ ఎవరు తెస్తారు?

ఆ మాటకొస్తే కువైట్ బండిదీ సంతకాల చిక్కే. కారు ఇక్కడ ఉంటుంది, ఆర్సీలో పేరున్న మనిషి అక్కడ ఉంటారు. తమ్ముడో బావో బేరం చేసి డబ్బు తీసుకుంటారు. ఫారం మీద సంతకం మాత్రం యజమానిదే కావాలి. ఆయన సెలవు మీద వచ్చేదాకా ఆగడమో, సరైన పవరాఫ్ అటార్నీ రాయించుకోవడమో తప్ప అడ్డదారి లేదు. యజమాని చనిపోయిన బండైతే ముందు వారసుల పేరుకు మారాలి. అందుకు ఫారం 31 ఉంది. ఆ తర్వాతే అమ్మకం.

ఈ ఊళ్లలో తెలివైనవాళ్లు చేసే ఏర్పాటు ఒకటుంది. డబ్బంతా ఒకేసారి ఇవ్వరు. బండి అప్పగించే రోజున తేదీతో పాటు గంట కూడా వేసి ఓ కాగితం రాసుకుంటారు. ఇద్దరూ, ఇద్దరు సాక్షులూ సంతకాలు పెడతారు. పెండింగు చలాన్లు అమ్మేవారితోనే కట్టిస్తారు. ఓ పదివేలు ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషి దగ్గర ఉంచుతారు. కొన్నవారి పేరుతో కొత్త ఆర్సీ వచ్చిందని ఫోనులో చూపించిన రోజున ఆ పదివేలు అమ్మినవారికి చేరతాయి.